కుడి ఇండికేటర్ వెలిగితే రమ్మనా, ఆగమనా?

గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల మీదుగా వెళ్ళే రోడ్డు. పొద్దుగూకి రెండు గంటలైంది. సిమెంటు లోడుతో ఒక లారీ చీమలా పాకుతోంది, దాని వెనుక ఒక కారు. కాసేపటికి లారీ కుడి ఇండికేటర్ మినుకుమినుకుమనడం మొదలైంది. కారు నడుపుతున్న మనిషి ఏళ్ళ తరబడి ఆ దారిలో తిరిగినవాడైతే “సైడ్ ఇస్తున్నాడు, వెళ్ళిపోవచ్చు” అనుకుంటాడు. నిరుడు డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తీసుకున్నవాడైతే “కుడివైపు తిరగబోతున్నాడు, వెనకాలే ఉండాలి” అనుకుంటాడు. ఇద్దరికీ తమ తమ కారణాలున్నాయి, ఇద్దరూ నేర్చుకున్నదే చదివారు.

రోడ్డు మీద మనుషులు నోటితో మాట్లాడుకోలేరు. వాళ్ళ దగ్గర ఉన్నవి ఒక హారన్, అరడజను దీపాలు. ఆ కాసిని అక్షరాలతో చట్టం ఒక భాష రాసిపెట్టింది. లారీ డ్రైవర్లు అదే అక్షరాలతో తమ అవసరానికి మరో భాష అల్లుకున్నారు. కార్లవాళ్ళు, బైకులవాళ్ళు రెండింటిలోంచీ తోచిన మాటలు ఏరుకుని వాడుతున్నారు. కుడి ఇండికేటర్ గొడవ, డిప్పర్ గొడవ, నాలుగు లైట్లూ ఒకేసారి వేసే అలవాటు, అన్నీ ఈ కలగాపులగం నుంచి పుట్టినవే.

చూపే దీపాలు, చెప్పే దీపాలు

బండి దీపాలు చేసే పనులు రెండు. హెడ్‌లైట్లు దారి చూపుతాయి. ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, వెనుక ఎర్ర దీపాలు మన సంగతి ఇతరులకు చెబుతాయి. ముందు తెలుపు, వెనుక ఎరుపు అన్న నియమం కూడా చెప్పడానికి పెట్టినదే. చిమ్మచీకట్లో దూరంగా కనిపించే బండి మన వైపు వస్తోందో, మనకంటే ముందు పోతోందో ఆ రంగును బట్టే తెలుస్తుంది.

హెడ్‌లైటుకు రెండు స్థాయిలు. వెలుగును కిందికి వంచి దగ్గరి రోడ్డు మీద పరిచేది లో బీమ్, మనవాళ్ళ మాటలో డిమ్. తిన్నగా దూరానికి కొట్టేది హై బీమ్. పై నుంచి కిందికి దించడాన్ని డిప్ అంటారు, దాన్నుంచే డిప్పర్ అన్న మాట పుట్టింది. లారీల వెనుక రాత్రిపూట డిప్పర్ వాడమని రాసి ఉండేది ఇందుకే. అయితే వాడుకలో “డిప్పర్ కొట్టాడు” అంటే దించాడని ఎవరూ అనుకోరు, దించీ ఎత్తీ తళుక్కుమనిపించాడనే అర్థం. దించమని చెప్పడానికి పుట్టిన మాట, ఎత్తి కొట్టడానికి పేరుగా స్థిరపడింది.

ఇండికేటర్ పసుపు, నారింజ కలిసిన అంబర్ రంగులో నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అంతకంటే నెమ్మదిగా ఉంటే చూసేవాడు రెండు మినుకుల మధ్య ఖాళీలో పడి గమనించకపోవచ్చు. చాలా బండ్లలో ఒక బల్బు పోతే మిగిలినది గబగబా కొట్టుకుంటుంది. అది డ్రైవరుకు కబురు: ఒక మూల నీ మాట ఎవరికీ వినబడటం లేదని.

చెయ్యి ఊపిన చోటే దీపం వెలిగింది

కుడి ఇండికేటర్‌కు సైడ్ ఇవ్వడమనే అర్థం ఎలా వచ్చింది? లారీ డ్రైవర్లు చదువుకోక తప్పుగా వేస్తున్నారని కొందరు కొట్టిపారేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. 1989 నాటి రూల్స్ ఆఫ్ ది రోడ్ రెగ్యులేషన్స్ తెరిచి చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది.

ఆ నిబంధనల్లో డ్రైవర్లు చేతితో చేయవలసిన సైగలు వరుసగా ఉన్నాయి. మన బండ్లలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి సైగలన్నీ కుడిచేతివే. కుడికి తిరగాలంటే చేతిని కుడివైపు బయటికి చాచి, అరచేయి ముందుకు పెట్టాలి. ఎడమకు తిరగాలన్నా కుడిచేతినే చాచి గుండ్రంగా తిప్పాలి. వెనుకవాడిని దాటి వెళ్ళమని చెప్పాలంటే అదే చేతిని చాచి, ముందుకూ వెనక్కూ అర్ధచంద్రంలా ఊపాలి. అంటే సైడ్ ఇవ్వడం చట్టం కల్పించిన సైగే, అది బండికి కుడివైపునే కనబడే సైగ. అంతటితో ఆగలేదు. ముందున్న డ్రైవరు దాటవచ్చని సైగ చేయకపోతే ఓవర్‌టేక్ చేయరాదని కూడా అవే నిబంధనలు చెప్పాయి.

ఇక 1988 మోటారు వాహనాల చట్టంలో 121వ సెక్షన్ చూడండి. చేతికి బదులు విద్యుత్ పరికరంతో చెప్పవచ్చని అక్కడ పేర్కొన్నవి మూడు సంగతులు: కుడికి తిరగడం, ఎడమకు తిరగడం, ఆగడం. వాటికి ఇండికేటర్లు, బ్రేకు లైటు వచ్చాయి. సైడ్ ఇవ్వడానికి ప్రత్యేకమైన దీపం ఏదీ బండికి బిగించలేదు. పగలు చెయ్యి ఊపితే కనబడుతుంది, రాత్రి కనబడదు. కుడిచేయి బయట ఊగవలసిన చోటికి దగ్గరలో వెలిగే దీపం ఒకటే ఉంది, కుడి ఇండికేటర్. చేతి పని దానికి అప్పగించారని అనుకోవడం సహజమే. పైగా లారీ వెనుక నుంచి కుడివైపు తొంగిచూసే కారుకు మొదట కనబడేది లారీ కుడి మూలే.

“హారన్ ఓకే ప్లీజ్” అన్న రాత గురించి చెప్పుకునే కథల్లో ఒకటి కూడా ఇక్కడికే వస్తుంది. ఒకప్పుడు ఆ “ఓకే” దగ్గర చిన్న బల్బు ఉండేదని, వెనుకవాడు హారన్ కొడితే ముందు ఖాళీ చూసుకుని డ్రైవరు దాన్ని వెలిగించేవాడని అంటారు. ఓకే అంటే “ఆన్ కిరోసిన్” అన్న కథ, అది ఓకే అనే సబ్బు ప్రకటన అన్న కథ కూడా ప్రచారంలో ఉన్నాయి కాబట్టి దీన్నే అసలు పుట్టుక అనలేం. అలాంటి బల్బు అవసరం ఉందన్నది మాత్రం ఆ కథలో దాగిన నిజం.

1989 నిబంధనల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్లు వచ్చాయి. రోడ్డు మీది అలవాటు గెజెట్ చూసి మారదు.

ఒకే మినుకు, మూడు చదువులు

మళ్ళీ నల్లమల లారీ దగ్గరికి వద్దాం. ఆ కుడి ఇండికేటర్‌ను మూడు విధాలుగా చదవవచ్చు. ఒకటి, నేను కుడికి తిరుగుతున్నాను. రెండు, ఎదురు ఖాళీగా ఉంది, నా కుడివైపు నుంచి వెళ్ళు. మూడో చదువు కొందరు డ్రైవర్లలోనే ఉంది: కుడివైపు ఎదురు బండి వస్తోంది, రావద్దు. సైడ్ ఇవ్వడానికి వీళ్ళు ఎడమ ఇండికేటర్ వేస్తారు, నేను ఎడమకు ఒదుగుతున్నాను అన్న భావంతో. వీళ్ళ పద్ధతిలో తర్కం బాగుంది, ఎందుకంటే దీపం ఆ బండి చేయబోయే పనినే చెబుతోంది. కానీ ఎడమవైపు ఊరి రోడ్డు ఉన్నచోట అది కూడా సందేహమే.

మొదటి రెండు చదువుల మధ్య తేడా ఎంతదో చూడండి. ముందున్న బండి కుడికి తిరుగుతానని తెలిపి రోడ్డు మధ్యకు జరిగితే, దాన్ని ఎడమవైపు నుంచి దాటవచ్చని నిబంధన. అలవాటు ప్రకారమైతే కుడివైపు నుంచి దాటాలి. అంటే ఒకే దీపం చట్టం చదివినవాడిని ఎడమకు, రోడ్డు చదివినవాడిని కుడికి పంపుతుంది. లారీ నిజంగానే కుడివైపు పెట్రోలు బంకులోకి తిరుగుతుంటే రెండోవాడు వెళ్ళి దాని ముందు చక్రం దగ్గర తేలతాడు.

రెండు అర్థాలనూ వేరు చేసేది దీపం చుట్టూ ఉన్న మిగతా సంగతులు. తిరగబోయే లారీ వేగం తగ్గిస్తుంది, బ్రేకు లైటు వెలుగుతుంది, మధ్య గీత వైపు జరుగుతుంది, కుడివైపున తిరగడానికి ఒక సందో బంకో ధాబానో ఉంటుంది. సైడ్ ఇచ్చే లారీ అదే వేగంతో పోతూ ఎడమ అంచుకు ఒదుగుతుంది. రెండు రకాల ఆనవాళ్ళూ కలగలిసి కనబడితే ఆ మినుకు ఏ అర్థాన్నీ మోయడం లేదన్నమాట.

అలవాటును సమర్థించేవారి వాదన కొట్టివేయదగినది కాదు. లారీ సీటు ఎత్తులో ఉంటుంది, మలుపు అవతల ఏముందో కారువాడికంటే ముందు తెలుస్తుంది. వెనుక పది బండ్లు విసిగిపోయి ఎవరికి వారు తెగించేకంటే, చూడగలిగినవాడు చూసి చెప్పడం మేలంటారు. ఇరుకు రోడ్ల మీద ఈ సాయం నిజంగానే పనికొచ్చింది, అది డ్రైవర్ల మర్యాద కూడా. వ్యతిరేకించేవారు అడిగేది ఒక్కటే: కారు ఎంత చురుగ్గా లాగగలదో, లోపల ఎంతమంది ఉన్నారో లారీ డ్రైవరుకు ఎలా తెలుస్తుంది? పాత నిబంధనలను జాగ్రత్తగా చదివితే రెండు వాదాలకూ చోటుంది. ముందువాడి సైగ లేకుండా దాటవద్దన్నాయి. ప్రమాదమో ఇబ్బందో కలిగేలా ఉంటే, మలుపు దగ్గరో మిట్ట మీదో అయితే, సైగ ఉన్నా దాటవద్దన్నాయి. సైగ ఉండాలి, కానీ అదొక్కటే చాలదు.

పది సెకన్లు, 444 మీటర్లు

దాటడానికి ఎంత ఖాళీ కావాలో అంకెల్లో చూస్తే అసలు బరువు తెలుస్తుంది. లారీ 60 కిలోమీటర్ల వేగంతో, కారు 80తో పోతున్నాయనుకుందాం. తేడా గంటకు 20 కిలోమీటర్లు, సెకనుకు సుమారు 5.6 మీటర్లు. కారు లారీకి 20 మీటర్ల వెనుక మొదలుపెట్టి, 12 మీటర్ల లారీని దాటి, తన 4 మీటర్ల పొడవునూ కలుపుకుని, 20 మీటర్లు ముందుకు వెళ్ళి ఎడమకు రావాలి. మొత్తం 56 మీటర్లు ఎక్కువ పోవాలి, అందుకు పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో కారు 222 మీటర్లు వెళుతుంది. ఎదురు నుంచి 80తోనే మరో బండి వస్తే అదీ 222 మీటర్లు వస్తుంది. కాబట్టి కనీసం 444 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడాలి.

ఇప్పుడు కారు దాటడం మొదలుపెట్టగానే లారీ డ్రైవరు రోషపడి 70కి లాగాడనుకోండి. వేగాల తేడా సగమవుతుంది, పట్టే కాలం 20 సెకన్లవుతుంది, కావలసిన ఖాళీ దాదాపు 900 మీటర్లకు చేరుతుంది. తనను దాటుతున్నప్పుడు వేగం పెంచకూడదని నిబంధన ఎందుకు పెట్టారో ఈ లెక్కే చెబుతుంది. పది కిలోమీటర్ల రోషం అవతలివాడికి అర కిలోమీటరు రోడ్డు ఖర్చు.

తళుక్కుమంటే “నువ్వు వెళ్ళు” అనా, “నేనొస్తున్నా” అనా?

వన్ లేన్ వంతెన. అటు ఒక బండి, ఇటు ఒక బండి. ఎదుటివాడు హెడ్‌లైటు రెండుసార్లు తళుక్కుమనిపించాడు. మన దగ్గర దాని అర్థం “ఆగు, నేను వచ్చేస్తున్నా”. బ్రిటన్‌లో సాధారణ వాడుక సరిగ్గా తిరగేసి ఉంటుంది: “నేను ఆగాను, మీరు రండి”. గుంటూరు నుంచో వరంగల్ నుంచో వెళ్ళి అక్కడ కారు కొన్నవారు మొదటి వారంలోనే ఈ మర్యాదకు తత్తరపడతారు, అవతలివాడు ఆగి ఎదురుచూస్తుంటే తామూ ఆగిపోయి కూర్చుంటారు. తిరుగు ప్రయాణం ఇంకా ప్రమాదం. అక్కడి అలవాటుతో సెలవులకు ఇంటికి వచ్చి, తళుకు చూసి ముందుకు కదిలితే ఎదురుగా బస్సు ఉంటుంది.

బ్రిటన్ హైవే కోడ్ మాత్రం తమ జనం వాడుకను కూడా ఒప్పుకోదు. హెడ్‌లైటు తళుకు “నేనిక్కడ ఉన్నాను” అని తెలపడానికే, మరే సందేశానికీ వాడవద్దని 110వ నియమం. ఎవరైనా తళుక్కుమనిపిస్తే రమ్మంటున్నారని ఊహించవద్దని 111వ నియమం. జర్మనీ చట్టం ఊళ్ళ బయట, దాటబోతున్నానని చెప్పడానికి చిన్న హారన్‌నో చిన్న తళుకునో అనుమతిస్తుంది. ఈ రెండు దేశాల నిబంధనలూ ఒక చోట కలుస్తాయి: దీపం వేసినవాడి సంగతి చెప్పాలి, చూసినవాడికి ఆజ్ఞ ఇవ్వకూడదు. మన రోడ్ల మీద గందరగోళం పుట్టించే సైగలు దాదాపు అన్నీ ఈ గీతకు అవతలివైపు ఉంటాయి.

హై బీమ్ వేసేవాడి పక్షం, చూసేవాడి పక్షం

ఎదురు బండి హై బీమ్ దించకపోతే తిట్టనివారు లేరు. ఆ తిట్టేవారిలో చాలామంది తామూ దించరు. దీనికి పొగరొక్కటే కారణమా? కొంత లెక్క కూడా ఉంది. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. ఏదో అడ్డొచ్చిందని గ్రహించి కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర, అప్పటికి 33 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి మరో 41 మీటర్లు. మొత్తం 74. లో బీమ్‌లో స్పష్టంగా కనబడే దూరం చాలా బండ్లకు 50 మీటర్ల చుట్టుపక్కల. అంటే డిమ్ వేసుకుని 80తో వెళ్ళేవాడు తాను చూడలేని చోట ఆగవలసి వస్తుంది. లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు మీద పడుకున్న గేదె, నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి, వీటి భయంతోనే మన డ్రైవర్లు హై బీమ్‌ను వదలరు. అదే లెక్క 60 వేగానికి వేస్తే ఆగే దూరం 48 మీటర్లు, లో బీమ్ సరిపోతుంది. చిక్కు దీపంలో ఉన్నంతే వేగంలోనూ ఉంది.

చూసేవాడి పక్షం ఇది. చీకటికి అలవాటుపడి విప్పారిన కన్ను మీద ఒక్కసారిగా వెలుగు పడితే, అది దాటాక కూడా కాసేపు ఏమీ కనబడదు, వయసు మీరినవారికి ఇంకా ఎక్కువ సేపు. రెండు సెకన్ల గుడ్డితనం 80 వేగంలో 44 మీటర్ల రోడ్డు. కోపంతో తానూ హై బీమ్ కొడితే అప్పుడు ఇద్దరు గుడ్డివాళ్ళు ఎదురెదురుగా వస్తున్నట్టు లెక్క.

నిబంధన కన్నును లెక్కలోకి తీసుకునే రాశారు. దించిన దీపం, 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడివైపున, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదు. ఈ కొలత బజారులో దొరికే ఎల్‌ఈడీ బల్బుల దగ్గర తప్పుతుంది. మామూలు హాలోజన్ బల్బులో రెండు తీగలుంటాయి, లో బీమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప వెలుగును అడ్డుకుని ఒక హద్దు గీస్తుంది. వెనుకనున్న అద్దపు గిన్నెను ఆ తీగ ఉండే చోటుకు మిల్లీమీటర్ల లెక్కన మలుస్తారు. అందులో ఆకారం వేరైన ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు ఆ హద్దు దాటి చిమ్ముతుంది. యజమాని డిమ్ వేశాననే అనుకుంటాడు, అబద్ధం చెప్పడం లేదు పాపం. కంపెనీ నుంచే ఎల్‌ఈడీకి తయారైన హెడ్‌లైట్లకు ఈ దోషం అంటదు, అయితే ఎత్తు సరిచేయకపోతే, వెనుక బరువెక్కి ముందు భాగం లేస్తే అవీ కళ్ళలోకే కొడతాయి.

2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలు కూడా ఆరని హెడ్‌లైటు తప్పనిసరైంది. దాన్ని చూసి “లైటు వెలుగుతోంది” అని వేళ్ళు ముడిచి విప్పి సైగ చేసే పెద్దవాళ్ళు ఇప్పటికీ కనబడతారు. అది చూపే దీపం పనిని వదిలి చెప్పే దీపం పనిలో చేరిందన్న సంగతి అందరికీ చేరలేదు.

నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి

హజార్డ్ లైట్ల అసలు ఉద్దేశం, ఆగిపోయిన బండి తాను అడ్డంగా ఉన్నానని చెప్పడం. కూడలిలో నేరుగా వెళుతున్నానని చెప్పడానికి వీటిని వేసేవారున్నారు. పక్క రోడ్డు నుంచి చూసేవాడికి ఒక వైపు దీపమే కనబడుతుంది, అతను దాన్ని మలుపుగానే చదువుతాడు. వానలో, మంచులో నడుస్తూ వేయడం మీద మాత్రం దేశానికో అభిప్రాయం. బ్రిటన్‌లో నడుస్తున్న బండి వేయకూడదు, వేగంగా పోయే రోడ్డు మీద ముందున్న ప్రమాదం గురించి వెనుకవారిని హెచ్చరించడానికి కొద్దిసేపు తప్ప. ఫ్లోరిడా 2021లో తన చట్టం మార్చి, ఏమీ కనబడనంత వానలో పెద్ద రోడ్ల మీద అనుమతించింది. వేస్తే దూరం నుంచి కనబడతామన్నది ఒక వాదం. నాలుగూ కొట్టుకుంటుంటే ఎవరు ఎటు తిరుగుతారో, ఎవరు ఆగి ఉన్నారో, ఎవరు నడుస్తున్నారో తెలియదన్నది రెండో వాదం. జపాన్‌లో అయితే దారి ఇచ్చినవాడికి థాంక్స్ చెప్పడానికి రెండు మూడు మినుకులు వేస్తారు.

నాలుగు వరుసల రోడ్డెక్కిన పాత సైగ

హైదరాబాద్–విజయవాడ లాంటి నాలుగు వరుసల రోడ్ల మీద మధ్యలో డివైడరు, దాని మీద ఎదురు వెలుగును కొంత ఆపే గన్నేరు చెట్లు. అటునుంచి రావలసిన బండి ఈ వైపు ఉండదు కాబట్టి సైడ్ ఇచ్చే సైగకు పనే లేదు. అక్కడ లారీ కుడి ఇండికేటర్ వేసిందంటే, ముందున్న మరో లారీని దాటడానికి కుడి వరుసలోకి వస్తోందన్నమాట. పాత రోడ్ల అలవాటుతో దాన్ని “రా” అని చదివి వేగం పెంచిన కారు సరిగ్గా లారీ వస్తున్న చోటికే చేరుతుంది. ఆ లారీయే కాసేపటికి హైవే దిగి, గీతలు చెరిగిపోయిన రెండు వరుసల ఊరి రోడ్డు పడుతుంది. వెనుక ఒక బైకు హారన్ కొడుతుంది. డ్రైవరు ముందు చూసుకుని, ఎడమకు ఒదిగి, అదే కుడి ఇండికేటర్ మీట నొక్కుతాడు.